గోడ అవతల గట్టిమేళం

మా ప్రాంతంలో ఫోటోగ్రాఫర్ అనిపించుకోవడానికి ఉన్న పరీక్ష ఒక్కటే. తాళి కట్టే ఫోటో దొరకాలి.

మిగతావి ఎలా ఉన్నా సరిపెట్టుకుంటారు. పసుపు దంచేటప్పుడు పెద్దమ్మ కళ్ళు మూసుకుపోయినా, భోజనాల బంతిలో చిన్నాన్న నోరు తెరిచి ఉన్నా నవ్వి ఊరుకుంటారు. తాళి మాత్రం తప్పకూడదు. పురోహితుడు చెయ్యెత్తుతాడు, గట్టిమేళం లేస్తుంది, అప్పటిదాకా కుర్చీల్లో కునికిపాట్లు పడుతున్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి వేదిక మీదికి వస్తారు. అక్షింతలు, మోచేతులు, తలలు, ఆ తలల మీద సెల్‌ఫోన్లు. వాటి సందులోంచి పెళ్ళికొడుకు వేళ్ళు, పెళ్ళికూతురి మెడ, ఆ పిల్ల ముఖం, మూడూ ఒకే ఫోటోలో పడాలి. పడకపోతే కొందరు "ఇంగోసారి పట్టుకోప్పా" అని పెళ్ళికొడుకు చేత ఉత్తుత్తి ముడి పట్టించి తీసేస్తారు. మా ఆయనకు ఆ రకం వాళ్ళంటే ఒళ్ళుమంట. "తాళి వదిలేసినోడు ఫోటోగ్రాఫర్ కాదు, పందిరి గుంజ" అనేవాడు.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా నాయనకు బజారులో కిరాణా అంగడి ఉండేది. నన్ను నంద్యాలకిచ్చారు, ఫోటో స్టూడియో నడిపే ఆయనకు. అంగడివాళ్ళ పిల్లను కదా, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాడేమో అనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆల్బమ్‌లు తయారు చేయడం నా పని. శిరివెళ్ల దాటి ఎక్కడికీ పోని జంటలను మంచుకొండల ముందు నిలబెట్టాను. సంజామలలో పెళ్ళి చేసుకున్నవాళ్ళ వెనక సముద్రం పెట్టాను. ఎవరూ ఇది అబద్ధం కదా అనలేదు. సముద్రం ఇంకొంచెం నీలంగా ఉంటే బాగుండు అన్నవాళ్ళున్నారు.

తర్వాత పెళ్ళికూతురిని అలంకరించే గదిలోకి మగవాళ్ళు పోకూడదు గనక కెమెరా ఇచ్చి నన్ను పంపేవాడు. జడ, గాజులు, గోరింటాకు, ఇవి నా వంతు. బయటికి రాగానే కెమెరా ఆయన చేతికి ఇచ్చేసేదాన్ని. అలా కొన్నేళ్ళు గడిచాయి. ఆయనకు నడుము నొప్పి మొదలైంది. ఉయ్యాలవాడ దగ్గర ఒక పల్లెలో పెళ్ళి, ముహూర్తం దగ్గర పడింది, ఆయన వేదిక మెట్టు మీద కాలు పెట్టి పైకి లేవలేకపోయాడు. కెమెరా నా చేతిలో పెట్టి "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. ఎలా తీశానో నాకు గుర్తులేదు. కిందికి దిగాక ఆయన కెమెరా తీసుకుని, తెర మీద ఫోటో పెద్దది చేసి, ముడి చూసి, పిల్ల కళ్ళు చూసి, "దొరికింది" అన్నాడు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతకంటే పొడుగ్గా ఉండేది కాదు.

అప్పటినుంచి మా పెళ్ళిళ్ళన్నిటిలో తాళి నేనే తీశాను. అయినా నేను ఫోటోగ్రాఫర్ని కాలేదు. "సార్ రాలేదా?" అని అడిగేవాళ్ళు నన్ను చూసి. సార్ కింద కుర్చీలో కూర్చుని ఉండేవాడు, ఆయనను చూపించేదాన్ని. వాళ్ళు నిమ్మళించేవాళ్ళు. బ్యాంకులో ఏం చేస్తావమ్మా అంటే గృహిణి అని చెప్పాను. చెప్పాక కూడా తప్పు చెప్పాననిపించలేదు. నాకు సొంత కెమెరా వచ్చాక ఫోటోగ్రాఫర్ని అనుకోవచ్చులే అనుకున్నాను. అది వచ్చాక, లైట్లు పెట్టడం పూర్తిగా నేర్చుకున్నాక అనుకోవచ్చు అనుకున్నాను. మా వీధిలో ఒక కుర్రవాడు కెమెరా కొన్న మర్నాడే దాని పట్టీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరూ, పక్కన ఫోటోగ్రాఫర్ అనీ అచ్చు వేయించుకున్నాడు. సిగ్గులేకపోతే ఎంత సుఖమో అని నవ్వుకున్నాం మొగుడూ పెళ్ళాం.

మా ఆయన పోయింది ఎండాకాలంలో. పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతూ అక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

దినాలకు పటం కావాలన్నారు. ఊళ్ళో అందరి పటాలూ మా దగ్గర తయారైనవే, మాది ఇంకొకరి దగ్గరికి ఎందుకు పోవాలి? ఆయన ఫోటో తెరిచాను. చొక్కా కాలర్ ఒక పక్క లేచి ఉంటే సరిచేశాను. వెనక నీలం రంగు వేసి, కింద జననం, మరణం రాసి, ప్రింటు తీశాను. ఎరుపు ఎక్కువైంది. తగ్గించి మళ్ళీ తీశాను. "ఎంత గుండె నిబ్బరం" అన్నారు చుట్టాలు. అది నిబ్బరం కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చిగురు ఎలా ఉంటుందో నాకు లోపలంతా అలా ఉంది. తడిమితే ఏదో ఉన్నట్టు తెలుస్తుంది, అది నాదని మాత్రం తెలియదు. ఏడవలేదు. నేను ఏడవడం లేదని గమనించవలసినవాళ్ళు గమనించారు, చెప్పుకోవలసినచోట చెప్పుకున్నారు కూడా.

కర్మలన్నీ అయ్యాక మా అన్న నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఒక జెరాక్స్ మిషన్ పెట్టుకోమ్మా. పాస్‌పోర్ట్ ఫోటోలు తీసుకుంటా అంగట్లోనే ఉండు. పెండ్లిండ్లకు మాత్రం ఇంగ పోవద్దు. బాగుండదు."

ఎందుకు బాగుండదో అన్న చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. మా వైపు మొగుడు పోయిన ఆడది పెళ్ళికి పోతే వెనక వరసలో కూర్చుంటుంది. ముహూర్తం వేళకు పెళ్ళికూతురి కంటబడదు. బంతిలో తిని ఇంటికి వస్తుంది. మరి నేను నిలబడే చోటు పెళ్ళికూతురికి ఎదురుగా, తాళికి మూరెడు దూరంలో. నేను అన్నకు సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరే అనేదాన్ని.

కొన్ని నెలలకు శిరివెళ్ల దగ్గరి పల్లె నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. సేద్యం చేసుకునే కుటుంబం. పెళ్ళి అతనిదే, ఆళ్లగడ్డలో కల్యాణ మండపంలో. పెళ్ళి అనుకున్న తొలిరోజుల్లోనే మా ఆయన వస్తానని అతనికి మాట ఇచ్చాడట.

"అమ్మా, సార్ సంగతి తెలిసింది. మరి మీరు వస్తారా?"

మీరంటే స్టూడియో అని అతని ఉద్దేశం. ఎవరో ఒకర్ని పంపుతానని అనుకుని ఉంటాడు. నేను "వస్తా" అన్నాను. సరే అనే అలవాటులో అన్నానా, లేక నిజంగానే పోవాలనుకున్నానా అంటే ఇప్పటికీ చెప్పలేను. అన్నకు తెలిసి, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నాడు. ఫోన్‌లోనే అన్నాడు, ఇంటికి రాలేదు.

పెళ్ళినాడు బస్సులో ఆళ్లగడ్డకు పోయాను. మా ఆయనతో కలిసి ఎన్నో ఏళ్ళు వీడియో తీసిన అతను అప్పటికే మండపంలో లైట్లు పెడుతున్నాడు. నన్ను వదినా అని పిలుస్తాడు. నన్ను చూసి ఒక లైటు కొంచెం జరిపాడు, నేను నిలబడడానికి.

పొద్దున అంతా సాఫీగానే సాగింది. పెళ్ళికొడుకుకు తండ్రి లేడు, చాలా ఏళ్ళ కిందటే పోయాడట. పీటల మీద తల్లిదండ్రుల స్థానంలో పెద్దనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. తల్లి ఉంది. పళ్ళేలు వేదిక మెట్ల దాకా తెచ్చి, అక్కడినుంచి ఇంకొకరికి అందించి వెనక్కి పోయేది. ఆమెను పైకి రమ్మని ఎవరూ పిలవలేదు, ఆమె కూడా ఎవరైనా పిలుస్తారేమోనని చూసినట్టు లేదు. నేను తీసిన ఫోటోల్లో ఆమె చేతులు మాత్రమే పడ్డాయి.

ముహూర్తం దగ్గరపడుతుండగా పెద్దమ్మ పీటల మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, ఒక మాట. తాళి కట్టే టయానికి నువ్వు కొంచెం పక్కకు పో తల్లీ. ఏమనుకోవద్దు. ఆ వీడియో అప్ప ఉండాడు గదా, ఆయప్ప తీస్తాడు. దాంట్లోంచి ఫోటో తీసుకుంటాంలే. నీకు తెలియనిదేముంది."

ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. చెడ్డ మనిషి కాదు. ఆమె స్థానంలో మా అమ్మ ఉన్నా ఇదే చెప్పేది, ఇంత మెత్తగా చెప్పేది కాదు. కోపం రావాలి కదా అనుకున్నాను. వస్తుందేమోనని కాసేపు చూశాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చింది అంటారు. ఆమె మాట మేళగాళ్ళు విన్నారు, పురోహితుడు విన్నాడు. వాళ్ళు నవ్వి ఉన్నా నాకు ఏడుపు వచ్చేది కాదు. ఒక్క ఆలోచన మాత్రం తిన్నగా వచ్చింది. తాళి లేకుండా ఈ పెళ్ళి నుంచి బయటపడితే నన్ను ఇంకెవరూ పిలవరు. ఇదే ఆఖరి పెళ్ళి. రేపటినుంచి జెరాక్స్ మిషన్.

వీడియో అతను కెమెరాలోంచి కన్ను తీయకుండానే నెమ్మదిగా చెప్పాడు.

"వదినా, హాలు ఎనక్కు పో. పెద్ద లెన్సు ఏసుకో. కుర్చీ ఎక్కి తీయి. అంతా ఈ పక్కకే చూస్తాంటారు, నిన్నెవురు చూస్తారు?"

మా ఆయన పోయాక నాకు అందిన సలహాల్లో పనికొచ్చేది అదొక్కటే. సంచి భుజాన వేసుకుని వేదిక పక్క తలుపులోంచి బయటపడ్డాను. ఆ వసారా మండపం చుట్టూ తిరిగి హాలు వెనక వాకిలికి పోతుంది. దారిలో, వేదికకు సరిగ్గా వెనక, సామాన్ల గది. లెన్సు మార్చుకోవడానికి ఒక మూట మీద సంచి పెట్టుకుందామని అందులోకి పోయాను.

పెళ్ళికొడుకు తల్లి ఒక్కతే అక్కడ కూర్చుని ఉంది.

"ఈడేం చేస్తాండావమ్మా?" అన్నాను.

"సామాన్లు ఉండాయి గదా. ఎవురన్నా ఉండాల్ల."

సామాన్లంటే అర సంచి వంకాయలు, ఖాళీ నూనె డబ్బాలు, బియ్యం మూటలు, అరిటాకుల కట్ట. వాటిని ఎత్తుకుపోయే దొంగ సరిగ్గా ముహూర్తానికే వస్తాడని ఆమె కూడా అనుకుని ఉండదు. నన్ను చూసింది. నా నుదురు చూసింది. "రామ్మా, కూచో" అని పక్కన ఉన్న బియ్యం మూట చూపించింది. నేను కూడా అందుకే వచ్చాననుకుంది.

గోడ అవతల మంత్రాలు మైకులో వినబడుతున్నాయి. ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో, తంతు ఎక్కడిదాకా వచ్చిందో చెవితోనే తెలిసిపోతుంది. ఇంకా కొంత వ్యవధి ఉంది. సంచి జిప్పు లాగి పెద్ద లెన్సు బయటికి తీశాను. చకచకా నడిస్తే హాలు వెనక్కు పోయి, కుర్చీ ఎక్కి, ఊపిరి సర్దుకోవడానికి కూడా టైముంది.

అప్పుడు ఆమె లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, కాళ్ళ చెప్పులు పక్కకు విడిచి, గోడకు ఎదురుగా పోయి నిలబడింది. దేవుడి పటం కూడా లేని ఉత్త గోడ. కుడిచెయ్యి గుప్పిలి మూసి ఉంది.

నేను పెద్ద లెన్సు మళ్ళీ సంచిలో పెట్టేశాను. జాలి పడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ ఆ రోజు జాలిపడేంత మనిషిని కాను. కిటికీ వెలుతురు ఆమె మీద ఒక పక్కగా పడుతోంది, ఆ వెలుతురు సరిపోతుందని మాత్రం తోచింది. మా ఆయన ఉంటే చెడామడా తిట్టి హాలులోకి తరిమేవాడు.

గట్టిమేళం లేచింది. డోలు దెబ్బలకు గోడ అదిరింది. ఆమె గుప్పిలి విప్పి గోడ మీదికి విసిరింది. పసుపు అక్షింతలు సున్నానికి తగిలి కింద రాలాయి. ఎడమ చేతిలోంచి ఇంకొన్ని తీసుకుని మళ్ళీ విసిరింది, కొంచెం పైకి, గోడ లేకపోతే కొడుకు తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు. పెదవులు కదులుతున్నాయి. ఆ మోతలో ఏం అంటోందో నాకు వినబడలేదు. నా కన్ను చూసింది, నా వేలు నొక్కింది. గింజలు ఇంకా గాలిలో ఉండగా దొరికింది.

మేళం తగ్గాక ఆమె నా వైపు తిరిగింది.

"నన్నెందుకమ్మా తీస్తాండావు?" అంది. పగటిపూట లైటు ఎందుకు వేశావని అడిగినట్టు అడిగింది. తర్వాత చెప్పులు వేసుకుని, వంటవాళ్ళు పిలిస్తే అరిటాకుల కట్ట ఎత్తుకుని పోయింది.

పెళ్ళి అయిన కొన్నాళ్ళకు ఆల్బమ్‌కు ఫోటోలు ఏరుకోవడానికి తల్లీ కొడుకూ నంద్యాలకు వచ్చారు. ఇద్దరికీ కంప్యూటర్ ముందు కుర్చీలు వేశాను. అతను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తాళి దగ్గర ఆగాడు.

"ఇది మసకగా ఉండాది గదమ్మా."

"వీడియోలోంచి తీసింది."

"నువ్వు తీయలేదా?"

"లేదు. నన్ను ఆ టయానికి పక్కకు పొమ్మన్నారు."

అతనికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక తల దించుకున్నాడు. పాపం, ఆ అబ్బాయి చేసిందేమీ లేదు. అయినా మా ఆయన ఇచ్చిన మాట నిలబడలేదు, తాళి దొరకలేదు. ఏదో ఒకటి అడగాలి గనక అడిగాడు.

"మరి నువ్వు యాడ ఉన్న్యావు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నేను ఆ ఫోటో తెరిచాను.

అతను కుర్చీలో ముందుకు వంగాడు. "ఇది యాడ?"

"సామాన్ల గదిలో. నువ్వు తాళి కడతాండప్పుడు."

అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు ముందర్నే నిలబడి ఉండావనుకున్న్యా గదా నేను."

"ఉంటి లేరా. గోడే గదా అడ్డం" అంది ఆమె.

అతను ఫోన్ మాట్లాడాలని చెప్పి బయటికి పోయాడు. అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాడు. ఫోన్ జేబులోనే ఉంది.

కొడుకు బయటికి పోగానే ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"తీసెయ్‌మ్మా దాన్ని. నేను అక్షింతలు ఏసినానని తెలిస్తే ఇంగేమన్నా ఉందా? రేపు కోడలికి తలకాయ నొచ్చినా నా మీదికే వస్తాది."

ఎవరు తీసెయ్‌మన్నా తీసేయడం నాకు అలవాటు. లావుగా పడ్డామంటే తీసేశాను, నల్లగా పడ్డామంటే తీసేశాను, తమకు గిట్టనివాళ్ళు పక్కన నిలబడ్డారంటే వాళ్ళను చెరిపేసి పూలకుండీ పెట్టాను. ఇది కూడా ఒక్క మీట నొక్కితే పోతుంది. వేలు దాని మీదికి పోయింది కూడా.

"తీసెయ్‌ను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఎవురికీ చూపియ్యనమ్మా. ఆల్బమ్‌లో పెట్టను. తీసెయ్‌మంటే మాత్రం తీసెయ్‌ను. అది నేను తీసిన ఫోటో."

మొండిదాన్ని చూసినట్టు చూసింది నన్ను. మళ్ళీ తెర వైపు చూసింది. తన ముఖం కాదు, గాలిలో ఉన్న గింజలు చూస్తోందని తెలుస్తోంది.

"అయితే నీ కాడనే పెట్టుకో. కోడలికి పిల్లోడో పిల్లో పుట్టినాంక వచ్చి అడుగుతా. అప్పుడింగ ఎవురేమంటారు?"

ఆమె లెక్కకు నాకు నవ్వొచ్చింది. మా ఆయన పోయాక అదే మొదటి నవ్వు. ఆమె కూడా నవ్వి, లేచి, కొంగు సర్దుకుంది. గడప దాకా పోయి ఆగింది.

"ఆ పొద్దు నాకు తట్టలేదు చూడు. నా చేతిలో ఇంగా ఉండె అక్షింతలు. నీక్కూడా ఇన్ని ఇచ్చింటే ఏసిందువు గదా, పాపం."

దినాల్లో రాని ఏడుపు, పటం ప్రింటు తీసినప్పుడు రానిది, అది ఇప్పుడు వచ్చేలా ఉంది.

"నా చేతులు యాడ ఖాళీగా ఉన్న్యాయమ్మా?" అన్నాను. "నేను ఫోటో తీస్తాంటి గదా."